టైరు మారిన లెక్క మారును

(తిరుత్తణిలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద సాధారణముగా పిల్లల తెలుగు చదువును గురించియో, పండుగ యేర్పాట్లను గురించియో మాటలాడుకొనుట మన వాడుక. నేడు మేము పాత పికప్ బండిని గురించి మాటలాడెదమని చెప్పగా కొందరు మిత్రులు నవ్విరి. నవ్వినను మంచిదే. మనలో పలువురి యింట పొయ్యి వెలుగుట ఆ బండిమీదనే ఆధారపడి యున్నది. నగరి, పుత్తూరు తోటల మామిడి, పళ్ళిపట్టు, ఆర్.కె. పేట పల్లెల కూరగాయలు తిరుత్తణి మీదుగా తిరువళ్ళూరు చేరి, అచ్చటినుండి కోయంబేడు మార్కెట్టుకు పోవుచున్నవి. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఎల్ల మారినది గాని సరకు నడచు దారి మారలేదు. ఆ దారిలో క్రొత్త బండి కొనగలవారు కొందరే. తక్కినవారమందరము ఒకరు వాడి విడిచిన బండినే కొని, దానిని మన యవసరమునకు తగినట్లు మార్చుకొనుచున్నాము. ఆ మార్పులోనే మేమొక తప్పు చేసితిమి. ఆ తప్పువలన బండి చెడినది. అంతకంటె పెద్ద నష్టమును జరిగినది. అది చెప్పుటకే నిలుచుంటిమి.

మేము ఇంజనీరులము కాము. మెట్రిక్యులేషను చదివి అంగడిలో కూర్చున్నవారము. కావున భయపడకుడు. ఈ ప్రసంగమునకు త్రైరాశికము తెలిసిన చాలును.

మూడేండ్ల క్రిందట మేమొక పాత పికప్ కొంటిమి. దానికి కంపెనీవారు నిర్ణయించిన టైరు 215/75 ఆర్ 15. చెరువుకట్ట దారులలో బండి అడుగు తగులుచున్నదని, ఎత్తుగా నున్న బండి ఎక్కువ బరువు మోయునని తలచి, రిమ్ములతో సహా మార్చి 7.00-16 టైర్లు వేయించితిమి. బండి చూచుటకు గంభీరముగా నుండెను. చూచినవారెల్ల మెచ్చుకొనిరి.

నెల తిరుగువరకు డీజిలు లెక్క తప్పినది. అంతకు ముందు లీటరుకు 12 కిలోమీటర్లు వచ్చుచుండెను. ఇప్పుడు మీటరు చూపిన దూరమునకు 23 లీటర్లు ఎక్కువ ఖర్చయినవి. రెండవ నెలయు అంతే, మూడవ నెలయు అంతే. అంగడి మనిషికి లెక్కయే శాస్త్రము. డ్రైవరును పిలిచి అడిగితిమి. అతడు, “బండి తాగిందో లేదో నాకు తెలీదు సామీ, నేను మాత్రం ముట్టలేదు” అనెను. మేము నమ్మలేదు. మూడు నెలల డీజిలు సొమ్ము అతని జీతములో కోసితిమి. అతడు తాళపుచెవి బల్లమీద పెట్టి వెళ్ళిపోయెను.

ఆ యేట ఆడికృత్తికకు అన్నదానపు బియ్యము కొండమీదికి పంపితిమి. ఎప్పుడును రెండవ గేరులో ఎక్కు మలుపున బండి నిలిచిపోయినది. క్రొత్త డ్రైవరు మొదటి గేరు వేసి, క్లచ్చి సగము నొక్కి పట్టి ఎక్కింపబోగా, కాలిన వాసన వచ్చినది. బండిని తిరువళ్ళూరులో ఒక వృద్ధ మెకానిక్కునొద్దకు లాగించుకొని పోయితిమి. ఆయన మూత విప్పక మునుపే చక్రమువైపు చూచి, “టైరు ఎవరు మార్చమన్నారు?” అని తమిళమున అడిగెను. పిమ్మట ఆయన మాకు నేర్పిన పాఠమును, మేము కాగితముమీద వేసికొన్న లెక్కలును మీ యెదుట ఉంచుచున్నాము.

ఇంజను త్రిప్పుడు నేరుగా చక్రమునకు పోదు. గేరుపెట్టె దాటి, పొడవైన షాఫ్టు గుండా వెనుక ఇరుసునకు వచ్చును. అచ్చట చిన్న పండ్ల చక్రము పినియన్, పెద్దది క్రౌన్. క్రౌనుకు 41 పండ్లు, పినియనుకు 10 పండ్లు ఉన్న, షాఫ్టు 4.1 సార్లు తిరిగిన గాని చక్రము ఒక్కసారి తిరుగదు. ఈ 4.1 అను సంఖ్యయే ఇరుసు నిష్పత్తి. నిష్పత్తి పెద్దదైన లాగు బలము హెచ్చును, వేగము తగ్గును. చిన్నదైన వేగము హెచ్చును, బలము తగ్గును. మోట తోలినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఒకటి పొందవలెనన్న మరియొకటి విడువవలెను.

ఇట్టి నిర్ణయము చేయుట యెట్లో జీపు చరిత్రము చూపును. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము వాడిన విల్లీస్ జీపునకు 6.00-16 టైర్లు, 4.88 ఇరుసు నిష్పత్తి. 1945లో అదే కంపెనీ రైతులకొరకు సీజే-2ఏ అను జీపును చేసినప్పుడు టైరు కొలత అదియే, ఇంజను ఆ జాతిదే. ఇరుసు మాత్రము 5.38కి మార్చిరి. సైనికునికి పరుగు కావలెను, రైతునకు నాగలి లాగు బలము కావలెను. మన దేశమున మహీంద్రావారు కూర్చినది ఈ వంశపు జీపులనే. టైరును, ఇరుసును ఒకదానితో నొకటి సరిచూచి జతచేసి యిత్తురు. ఒకే కాడికి కట్టిన ఎద్దులలో ఒకదానిని మార్చి రెండవదానిని పట్టించుకొనకున్న దున్నకము సాగునా?

ఇక మా బండి లెక్క చూడుడు. 215/75 ఆర్ 15 టైరు ఎత్తు 703 మిల్లీమీటర్లకు కొంచెము పైన. 7.00-16 టైరు సుమారు 775. హెచ్చు నూటికి పది. బండి అడుగు లేచినది మాత్రము హెచ్చిన దానిలో సగమే, అనగా మూడున్నర సెంటీమీటర్లు. ఆ మూడున్నర సెంటీమీటర్లకు మేము చెల్లించిన వెలను వినుడు.

మొదటిది లాగు బలము. చక్రము పెద్దదైనకొలది ఇరుసునుండి నేలకు దూరము హెచ్చి, అదే త్రిప్పుడు నేలమీద తక్కువ బలముగా దిగును. మాకు నూటికి తొమ్మిది పాళ్ళు తగ్గినది. మా 4.1 ఇరుసు 3.72 ఇరుసువలె నడచుచుండెనన్నమాట. తొమ్మిది పాళ్ళేగదా యందురేమో. వర్తకులు మిగులు చూడవలెను. ఉదాహరణకు బండియు సరకును కలిసి 3,000 కిలోలనుకొందము. పది మీటర్లకు ఒక మీటరు లేచు ఎత్తులో వెనుకకు లాగు బరువు 300 కిలోలు. చక్రముల దొర్లుడుకు ఇంకొక 45. మొత్తము 345. రెండవ గేరులో బండి లాగగలది 400 అయిన మిగులు 55. తొమ్మిది పాళ్ళు పోగా లాగగలది 363, మిగులు 18. బలము పోయినది తొమ్మిది పాళ్ళే, మిగులు పోయినది మూడింట రెండు వంతులు! అమ్మకపు ధరలో కొంచెము తగ్గిన లాభమంతయు కరగిపోవుట మనకు తెలియనిదా? ఆ మలుపున జరిగినదియు అదియే. పైగా ఎత్తులో బండిని కదలించునప్పుడు క్లచ్చి మునుపటికంటె ఎక్కువసేపు జారవలసి వచ్చి, ప్లేటు కాలినది.

రెండవది బ్రేకు. బ్రేకుల పట్టు మారలేదు, చక్రము పెద్దదైనది. కావున అదే త్రొక్కుడుకు నేలమీద ఆపు బలము ఆ తొమ్మిది పాళ్ళే తగ్గును. దిగుడులో ఇంజను పట్టి నిలుపు బలమును అట్లే తగ్గును. ఎక్కలేని బండి నిలిచిపోవును. ఆగలేని బండి నిలువదు. ఇది మరువకుడు.

మూడవది మీటరు. మీటరు దూరమును కొలుచుట లేదు, షాఫ్టు చుట్లను ఎంచుచున్నది. చుట్టునకు ఇంత దూరమని పాత టైరునుబట్టి దానికి ముందే నిర్ణయించి యున్నారు. చుట్టు పెద్దదైన సంగతి దానికెట్లు తెలియును? మీటరు గంటకు 60 చూపినప్పుడు బండి నిజముగా 66లో పోవుచుండును. దూరము 20 కిలోమీటర్లు పోయిన, 18కి కొంచెము పైన చూపును. ఆ మెకానిక్కు మాటమీద తిరువళ్ళూరు దారిలో కిలోమీటరు రాళ్ళు చూచుచు పోయితిమి. ఇరువదవ రాయి దాటునప్పటికి మీటరులో 18 తిరిగి యుండెను. ఆ క్షణమున మాకు చెమట పట్టినది.

ఏల యనగా, నెలకు బండి తిరిగినది 3,000 కిలోమీటర్లు. లీటరుకు 12 చొప్పున 250 లీటర్లు న్యాయముగా ఖర్చయినవి. మీటరు చూపినది సుమారు 2,720. దానినిబట్టి 227 లీటర్లే కావలెనని మేము లెక్కకట్టితిమి. తేడా 23 లీటర్లు. ఏ 23 లీటర్లకు ఒక మనిషిని దొంగయంటిమో, ఆ 23 లీటర్లు రోడ్డుమీదనే ఖర్చయి యుండెను.

ఇక మీకు చెప్పదగిన మాటలు కొన్ని. పాత బండి కొనునప్పుడు, కంపెనీ చెప్పిన టైరు కొలతయే ఉన్నదా యని మొదట చూడుడు. ఇరుసు నిష్పత్తిని తెలిసికొనుట కష్టము కాదు. ముందు చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు విడిచి, వెనుక ఒక చక్రమును మాత్రము లేపి దిట్టమైన స్టాండుమీద నిలుపుడు. చక్రమునకును షాఫ్టునకును సుద్దతో గీతలు గీసి, చక్రమును 20 చుట్లు త్రిప్పుడు. రెండవ చక్రము నేలమీద నున్నందున ఇది రెండు చక్రములు పది చుట్లు తిరిగినదానితో సమానము. షాఫ్టు 41 చుట్లు తిరిగిన నిష్పత్తి 4.1.

పెద్ద టైరు తప్పనిసరియైన, ఇరుసు నిష్పత్తిని ఆ పాళ్ళలోనే పెంచవలెను. మా లెక్కకు 4.52 కావలెను, 41కి 9 పండ్ల జత ఆ బండికి దొరికిన 4.56 వచ్చి దగ్గర పడును. క్రౌనును పినియనును విడివిడిగా కొనరాదు. జతగానే కొని, నేర్పరిచేత అమర్పించవలెను. నాలుగు చక్రములకును బలము పోవు బండికి ముందు వెనుక ఇరుసులు రెండును ఒకే నిష్పత్తిలో నుండవలెను. ఒకే ఇరుసుమీద ఒక ప్రక్క పెద్ద టైరు, మరియొక ప్రక్క చిన్న టైరు వేసినచో, తిన్నని దారిలోను లోపలి పండ్లు విరామము లేక అరుగును. పెద్ద టైరు వేసినంత మాత్రమున మోయదగిన బరువు పెరుగదు. స్ప్రింగులు, ఇరుసు, బ్రేకులు పాతవే. కంపెనీ నిర్ణయమునకు విరుద్ధముగా బండిని మార్చుటకు 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అడ్డు చెప్పుచున్నది గావున, మార్చుటకు ముందే రవాణా కార్యాలయమున విచారింపుడు. మేము మాత్రము పాత కొలత టైర్లనే మరల వేయించితిమి. డీజిలు లెక్క వెంటనే సరిపడినది. కొండ మలుపున రెండవ గేరు చాలినది.

చివరి మాట. లెక్క తేలిన మరునాడే పళ్ళిపట్టు దారిలోని ఆ డ్రైవరు ఇంటికి పోయితిమి. కోసిన సొమ్మంతయు అతని చేతికిచ్చి, పొరపాటు మాదేయని వారి తల్లియెదుట చెప్పితిమి. అతడు సొమ్ము లెక్కపెట్టుకొని, మజ్జిగ ఇప్పించి, “లెక్క తేలింది గదా సామీ, అంతే చాలు” అనెను. మరల పనికి రమ్మంటిమి. రానని మెల్లగా చెప్పెను. వేరొక బండి దొరికెనట. అతని మాట న్యాయమే. అంగడిలో మేము దొంగయన్న మాటను పదిమంది వినిరి. కాదన్న మాటను అతని ఇంటిలో ముగ్గురే వినిరి. కనుకనే ఈ సభలో, ఇందరి యెదుట, మరల చెప్పుచున్నాము: అతడు చుక్క డీజిలు ముట్టలేదు.

సోదరులారా, తరాజు సరిలేదని అనుమానము కలిగిన తూనికరాళ్ళను పరీక్షించువారము మనము. బండి మీటరును కూడ ఒక తరాజేయని తలంపుడు. దానిని రాళ్ళతో సరిచూచిన పిమ్మటనే మనిషిని తూచుడు.