తల ఊపితే సరేనన్నట్టా?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను బడిలో చదివింది తమిళం. తెలుగు చదవడం, రాయడం ముప్ఫై ఏళ్ళు దాటాక సాయంత్రపు తరగతిలో నేర్చుకున్నాను. నా మాటల్లో తమిళపు యాస వినబడితే మన్నించాలి.

కొత్త దేశంలో ఉద్యోగానికి చేరినవాళ్ళ గురించి మాట్లాడమన్నారు. ఇక్కడే పుట్టినవాణ్ణి, నాకేం తెలుసు అనుకున్నాను. ఆలోచిస్తే మా ఇంటి కథా అదే.

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి కంగాణి వెంట జొహోరు రబ్బరుతోటకు వచ్చారు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీల వలసను ఆపకముందు మాట. చల్లపూట పాలు బాగా కారతాయి కనుక తెల్లవారకముందే చెట్ల దగ్గరకు పోవాలి. హుకుములన్నీ తమిళంలో. తాతగారు మొదట నేర్చింది కత్తి పట్టడం కాదట, హాజరు పిలిచేటప్పుడు తన పేరు గుర్తుపట్టడం! పిలిచేవాడి నోట అది వేరే పేరయ్యేది. పలక్కపోతే ఆ రోజు కూలి లేదు.

మా నాన్నగారు సెంబవాంగ్ నౌకాస్థావరంలో ఫిట్టరు. 1968లో అక్కడి డాక్‌యార్డు సెంబవాంగ్ షిప్‌యార్డు కంపెనీ అయింది. 1971లో బ్రిటిషువారు వెళ్ళిపోయారు. ఆయన ఊరు మారలేదు, పని తీరు మారింది. అంతకుముందు ఫోర్‌మన్ చెప్పింది చేస్తే సరిపోయేది. తరువాత "ఎన్ని రోజుల్లో అవుతుంది?" అని అడగసాగారు. ఓడ రేవులో నిలిచిన ప్రతిరోజూ దాని యజమానికి నష్టమే కదా. నాన్నగారికి ఆ ప్రశ్న గిట్టేది కాదు. రోజులు చెప్పడమంటే మాట ఇవ్వడమే అనేవారు.

ఇక అసలు సంగతి. మా తరగతిలో పిల్లలకు పద్యాలు చెప్పడానికి గుంటూరు కుర్రవాడొకడు వచ్చేవాడు. ఇంజనీరు. ఒకనాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏం బాబూ?"

"ఉద్యోగం పోయేటట్టుంది, మాస్టారూ."

పై అధికారి చీనావారి ఆవిడ. "శుక్రవారానికి కెన్ ఆర్ నాట్?" అని అడిగిందట. ఇతను తల ఊపాడు. మన తల ఊపు సంగతి మీకు తెలుసు. అవునూ కాదు, కాదూ కాదు, "విన్నానండీ" అని. ఆవిడ సరే అని రాసుకుంది. పని తెమలదని ఇతనికి సోమవారమే తెలుసు. పై అధికారితో కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాడు. ఉద్యోగం పోతే పాసు రద్దు. సాధారణంగా 30 రోజుల్లో దేశం విడవాలి. భార్యకు ఏడో నెల.

నేనేం చేశాను? నవ్వాను. "ఇంతమాత్రం తెలియదా?" అన్నాను. ఇక్కడ పుట్టినవాళ్ళ పొగరు అది, ఒప్పుకుంటున్నాను. రెండు వారాలు అతను తరగతికి రాలేదు. అప్పుడు నాన్నగారు జ్ఞాపకం వచ్చారు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

ఇక్కడ "కెనాట్" అంటే తిట్టు కాదనీ, ముందే చెబితే ఎవరూ పెద్దగా కోపగించరనీ, దాచితేనే కోపమనీ చెప్పాను. వంటింట్లో నిలబడి అభ్యాసం చేశాం. "ఫ్రైడే కెనాట్, వెన్స్‌డే కెన్." అతని భార్య అధికారి వేషం కట్టింది. మా అందరిలో బాగా చేసింది ఆ అమ్మాయే.

ఇంకొక బాధ కూడా చెప్పాడు. ఆఫీసులో అందరూ ఇంటిపేరుతో పిలుస్తున్నారట. టాన్, లిమ్ అంటూ చీనావారికీ ఇంటిపేరే ముందు వస్తుంది, మనలాగే, ఆ మాట వాళ్ళతోనే అనమన్నాను. అన్నాడట. ఆవిడ నవ్వి, ఇంటిపేరుకు అర్థం అడిగిందట. అదేమిటో ఇతనికీ తెలియదు!

ఉద్యోగం నిలిచింది. పాప ఇక్కడే పుట్టింది.

ఈ సభలో కొత్తగా వచ్చినవారుంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి ఉన్న చోట మాత్రం కూర్చోకండి. అది ఎవరో ముందే పట్టుకున్న చోటు. సెలవు.