ఒకే పేరు, పలువురు పండితులు

ఒక పరిశోధకుని వ్యాసమును తరువాతివారు ఎన్నిమారులు ఉదాహరించిరో తెలుపు సూచిని యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో అచ్చువేయించెను. నేడు ఆ లెక్కను గూగుల్ స్కాలర్ ఉచితముగనే చూపుచున్నది. 2011 నుండి ఎవరి పుటను వారే అందు తెరచుకొనవచ్చును. పేరు, సంస్థ, సంస్థవారి ఈమెయిలు తెలిపినచో యంత్రమే వ్యాసముల పట్టికను ముందుంచును.

చిక్కంతయు ఆ పట్టికయందే కలదు. మన యింటిపేరు విదేశ పత్రికలలో పొడియక్షరమై, కడనున్న ‘రావు’ ఇంటిపేరై కూర్చుండును. ‘ఎస్. రావు’లు ఎందరు లేరు! ఒకరి రసాయనశాస్త్రము వేరొకరి వ్యవసాయశాస్త్రముతో కలిసిపోవును. లెక్క పెరిగినదని సంతసింతుమా? అది పరుల సొత్తు.

హిర్ష్ 2005లో సూచించిన హెచ్-సూచిక యిట్టిది: పది వ్యాసములు ఒక్కొక్కటి పదిమారులకు తగ్గక ఉదాహరింపబడినచో సూచిక 10. పరుల వ్యాసము ఒక్కటి చేరినను అంకె మారవచ్చును. ఉద్యోగము లిచ్చునపుడు ఆ అంకెను చూచువారు కలరు.

కావున, శ్రోతలారా, మీ యింట పరిశోధకులున్నచో తమవి కాని వ్యాసములను తొలగింపుమనుడు. క్రొత్తవానిని యంత్రము తనంతట చేర్పక, ముందుగా ఈమెయిలున అడుగునట్లు ఏర్పరచుకొనుట మేలని మా తలంపు. 2012లో ఆరంభమైన ఓర్కిడ్‌వారి 16 స్థానముల సంఖ్య కూడ ఉచితమే. వ్యాసము పంపునపుడే దానిని జతపరచినచో రావుగారలు వేరుపడుదురు.