నర్సు చేతిలోని ఫోను
(నర్సుల దినోత్సవ సందర్భమున సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



"రోగి పక్కన నిలబడి నర్సమ్మ ఫోను చూస్తున్నది" అనే ఫిర్యాదు మన ఇండ్లలో తరచుగా వినబడుతుంది. ఆ ఫోనులో ఆమె ఏమి చూస్తున్నదో ఈ పూట ఆలోచించుదము.

నర్సు పని ఆదినుండి ఆధారము మీద నిలిచినదే. ఫ్లోరెన్స్ నైటింగేల్ భారతదేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇక్కడి సైనిక కేంద్రములకు ప్రశ్నపత్రములు పంపించి, వచ్చిన లెక్కలను శ్రద్ధగా పరిశీలించారు. బ్రిటిషు సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక తెలియజేసింది. మురికి నీరు, మురుగు, ఇరుకు బ్యారక్‌లు ఇందుకు ముఖ్య కారణములని తేలినది. మన సికిందరాబాదులోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. చెడుగాలి వలన ఆ జ్వరము వచ్చునన్న పాత నమ్మకము అట్లు తొలగినది.

నేడు ఆ ఆధారము నర్సు అరచేతిలోనికి వచ్చినది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో "అన్‌మోల్" అనే ఏర్పాటు క్రింద ఏ.ఎన్.ఎం.లకు ట్యాబులు ఇచ్చారు. ఏ గర్భిణికి ఏ పరీక్ష, ఏ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు అవసరమో అందులో తెలియును. సిగ్నలు లేని ఊరిలో వ్రాసినది సిగ్నలు అందిన తరువాత పైకి చేరును.

ఒక ఉదాహరణ చెప్పెదను. బిడ్డ పుట్టగానే స్నానము చేయించుట మన ఇండ్లలో వాడుక. అయితే అప్పుడే పుట్టిన బిడ్డ త్వరగా చల్లబడును. బరువు తక్కువ బిడ్డకు అది ప్రాణాపాయము. కనుక 24 గంటలు ఆగుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఎప్పుడో శిక్షణ ముగించిన నర్సు పాఠ్యపుస్తకములో ఈ మాట ఉండకపోవచ్చును. అమ్మమ్మ వేడినీళ్లు సిద్ధము చేసి తొందరపెట్టినప్పుడు, ఫోనులోని సూచన ఆ నర్సుకు ధైర్యమిచ్చును.

సోదరీమణులారా, మీకును ఒక మాట. వాట్సాప్‌లో వచ్చినదంతయు ఆధారము కాదు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో చూడండి. రోగి ఫొటో గాని, రోగి సంగతి గాని మీ ఫోను దాటి పోకూడదు. ఫోను ముట్టిన చేతులు కడిగి రోగిని ముట్టండి. తెర చూచిన తరువాత రోగి ముఖము తప్పక చూడండి. ఆయాసము, భయము అక్కడనే కనబడును. ఆసుపత్రులు నడుపువారు ఒకే సంగతిని రిజిస్టరులోను, ట్యాబులోను రెండుమార్లు వ్రాయించితే, ఆ సమయము రోగికి దక్కవలసిన సమయమే.

వైద్యుడైన లూకా కూడ అన్నిటిని విచారించి తెలిసికొనియే సువార్త వ్రాసెను. విచారించుట అవిశ్వాసము కాదు. కనుక ఈసారి వార్డులో నర్సమ్మ ఫోను చూస్తుంటే కేకలు వేయక, "ఏమి చూస్తున్నారమ్మా?" అని అడగండి. ఆమె మీకు చూపించి, విడమరచి చెప్పును గాక. దేవుడు వారి చేతి పనిని ఆశీర్వదించును గాక.