ఆటయంత్రమునకు క్రొత్త పెట్టె



తడలో మా యింట జరిగిన యొక చిన్న పనిని గూర్చి మనవి చేసెదను. టెలివిజనునకు తగిలించి యాడుకొను వీడియో గేము యంత్రమొకటి మా మనుమనికి కలదు. అది చేజారి పడి పైపెట్టె పగిలెను. లోపలి యంత్రము చెడలేదు. పారవేసి క్రొత్తది కొందమని యింటివారనిరి. వడ్రంగము కొంత యెరిగినవాడను గనుక నేనే పనసచెక్కతో పెట్టె చేయ బూనితిని.

పులికాటు సరస్సు మీది యుప్పుగాలికి ఇనుప మేకులు త్రుప్పుపట్టును. కావున ఇత్తడి మరలు వాడితిని. దుమ్ము చొరరాదని సందు లేకుండ బిగించితిని. అచ్చటనే పొరబడితిని. అరగంటలో యంత్రము కాగి యాగిపోయెను. “తాతా, ఇక పని చేయదా?” యని బాలుడు కంటనీరు పెట్టెను.

అదృష్టవశమున, చల్లారిన పిదప మరల నడచెను. అప్పుడు గాని పాతపెట్టెను శ్రద్ధగా చూడలేదు. గాలి వచ్చుటకొక వైపున, పోవుటకు వేరొక వైపున రంధ్రములున్నవి. లోపలి చిన్న పంకా వేడిని వెలికి నెట్టును. విద్యుత్తీగ నూడదీసి, ఆ తావులలోనే, ఆ కొలతలోనే రంధ్రములు తొలిచితిని. దుమ్మునకు పలుచని వల యడ్డుపెట్టి, వారమున కొకమారు దులుపుచున్నాము. యంత్రము నేటికిని నడచుచున్నది.

ఇట్టి పని లోకమునకు క్రొత్త కాదు. 1976లో అమెరికాలో ఆపిల్ వారు తమ తొలి కంప్యూటరును పెట్టె లేకయే యమ్మిరి. కొన్నవారిలో కొందరు తామే చెక్కపెట్టెలు చేయించుకొనిరి.

కిటికీలు లేని యింట మనము నిదురింపగలమా? యంత్రమునకును అంతే. పగిలినది పైపెట్టెయో, లోపలి ప్రాణమో చూడక దేనిని పారవేయకుడు. క్రొత్తది కట్టుటకు ముందు పాతదానిని చక్కగా పరీక్షింపుడు.