సంకెళ్లు తెగిన మరునాడు

బానిస కాలి సంకెల తెగిన దినాన్ని చరిత్ర జ్ఞాపకముంచుకొంటుంది. ఆ మరునాటి ఉదయం అతడు ఏమి తిన్నాడు, ఎక్కడ తల దాచుకొన్నాడు, ఎవరిని వెదకుతూ బయలుదేరినాడు అన్న సంగతిని మాత్రం అంతగా పట్టించుకోదు. ఈ సాయంకాలం నేను మీకు మనవి చేయదలచినది ఆ మరునాటి కథ.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1861 నుండి 1865 వరకు ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరిగినది. యుద్ధం సాగుతుండగానే, 1863 జనవరి 1వ తేదీన, అధ్యక్షుడు లింకన్ తిరుగుబాటు ప్రాంతాలలోని బానిసలు స్వతంత్రులని ప్రకటించినాడు. 1865 డిసెంబరులో రాజ్యాంగానికి 13వ సవరణ ఆమోదం పొంది, దేశమంతటా బానిసత్వం రద్దయినది. దాదాపు 40 లక్షల మంది నల్లజాతి ప్రజలు చట్టం దృష్టిలో మనుష్యులైనారు. అయితే తరతరాలుగా పత్తి, వరి, చెరకు, పొగాకు పండించిన ఆ చేతులకు సెంటు భూమి లేదు. ఉన్న గుడిసె యజమానిది, పట్టిన పార యజమానిది, కట్టిన గుడ్డ యజమాని ఇచ్చినది.

అటువంటి స్థితిలో వారిలో అనేకులు మొట్టమొదట చేసిన పని ఏమిటనుకొన్నారు? నడక. బానిసల వివాహాన్ని చట్టం గుర్తించేది కాదు. భర్తను ఒకరికి, భార్యను వేరొకరికి, పాలు మరచిన బిడ్డను ఇంకొకరికి అమ్మివేయడం ఆనాడు సామాన్యం. స్వేచ్ఛ రాగానే తల్లులు బిడ్డలకోసం, భర్తలు భార్యలకోసం వందల మైళ్లు నడిచినారు. నడిచి కానరానివారు పత్రికలలో ప్రకటనలు వేయించినారు. నా తల్లి పేరు ఇది, మమ్ములను అమ్మిన యజమాని పేరు ఇది, ఆమెను చివరిసారి చూచిన ఊరు ఇది, ఎవరైనా ఎరిగినవారు తెలుపగలరు అన్నది వాని సారాంశం. చర్చిలలో ఆ ప్రకటనలను బిగ్గరగా చదివి వినిపించేవారు. యుద్ధం ముగిసిన దశాబ్దాల తరువాత కూడ ఇవి వెలువడుతూనే ఉన్నవి. దొరికినవారు కొందరే. ఏండ్ల తరబడి కాపురం చేసి మనుమలనెత్తిన దంపతులు అధికారుల ఎదుట వరుసలో నిలిచి తమ వివాహాన్ని నమోదు చేయించుకొన్నారు. ఇక తమను ఎవరూ విడదీసి అమ్మలేరన్న భరోసా ఆ కాగితంలో ఉన్నది.

రెండవ ఆకలి చదువు. దక్షిణాదిన అనేక రాష్ట్రాలలో బానిసకు అక్షరం నేర్పడం నేరంగా ఉండేది. 1865 మార్చిలో విముక్తుల సహాయార్థం కేంద్రప్రభుత్వం ఒక శాఖను నెలకొల్పినది. ఉత్తరాది సంఘాలు ఉపాధ్యాయులను పంపినవి. కాని పెక్కుచోట్ల పాఠశాలకు కలప మోసినవారు, పంతులుకు తిండి పెట్టినవారు ఆ నిరుపేదలే. పగలు బిడ్డలు కూర్చున్న బల్లలమీద రాత్రి తల్లిదండ్రులు, తాతలు కూర్చున్నారు. నాష్‌విల్ నగరంలో సైన్యం విడిచిన ఆసుపత్రి పాకలలో 1866లో ఫిస్క్ విద్యాలయం ప్రారంభమైనది. ఐదేండ్లకే అది అప్పులలో మునిగినది. అప్పుడు ఆ విద్యార్థులలో తొమ్మిదిమంది, వారిలో పెక్కురు బానిసత్వంలో పుట్టినవారే, తమ పెద్దలు పొలాలలో పాడుకొన్న భక్తిగీతాలను పాడుతూ 1871లో ఊరూరా తిరిగినారు. ఆ పాటలతో వచ్చిన ధనంతో విద్యాలయం నిలిచినది, దానికి శాశ్వత భవనమూ లేచినది. 1870లో నల్లజాతివారిలో నూటికి 80 మందికి చదువను వ్రాయను రాదు. 1910 నాటికి ఆ సంఖ్య 30కి దిగినది. నలువది ఏండ్లలో ఇది సామాన్యమైన సాధన కాదు.

ఇక మూడవది భూమి. ఈ కథకు ఆయువుపట్టు ఇదే.

1865 జనవరి 12వ తేదీ రాత్రి జార్జియా రాష్ట్రపు సవానా నగరంలో జనరల్ షెర్మన్, యుద్ధ మంత్రి స్టాంటన్ కలిసి ఇరువదిమంది నల్లజాతి మతపెద్దలను పిలిపించి మీకేమి కావాలని అడిగినారు. వారి పక్షాన మాట్లాడినవాడు గారిసన్ ఫ్రేజియర్ అనే 67 ఏండ్ల వృద్ధుడు. ఎనిమిదేండ్ల క్రితం తనకు, తన భార్యకు వెలగా వేయి డాలర్ల వెండి బంగారాలు చెల్లించి విముక్తి కొనుక్కొన్నవాడు. మాకు భూమి కావాలి, మా కష్టంతో మేమే దున్నుకొని బ్రతుకుతాము, త్వరలోనే మా పోషణ మేము చూచుకొని మిగులు కూడ చూపగలము అని ఆయన విన్నవించినాడు. నాలుగు దినాలలో షెర్మన్ ఉత్తరువు వెలువడినది. చార్లెస్టన్‌కు దక్షిణంగా సముద్రతీరపు లంకలలో, విడిచిపెట్టిన వరిపొలాలలో కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండ భూమి పంచడమే ఆ ఉత్తరువు. వేసవి నాటికి సుమారు 40 వేలమంది ఆ నేలమీద స్థిరపడినారు. ఇండ్లు కట్టుకొన్నారు, విత్తనం వేసినారు.

ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగినది. తరువాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష పెట్టి, వారి భూములను వారికి తిరిగి ఇప్పించినాడు. ఈ కబురు చెప్పవలసినవాడు విముక్తుల శాఖాధిపతి జనరల్ హోవర్డ్. ఆయన యుద్ధంలో కుడిచేయి కోల్పోయినవాడు, ఈ నిర్ణయం మనసా ఇష్టపడనివాడు. ఆ అక్టోబరులో ఎడిస్టో లంకలోని చర్చిలో వేలాదిగా చేరిన జనంముందు ఆయన నిలిచినాడు. విన్నవారు కొందరు ఏడ్చినారు, కొందరు కాదని కేకలు వేసినారు. పిదప వారిలో ముగ్గురు కమిటీగా ఏర్పడి విన్నపం వ్రాసినారు. ఈ నేలను సాగులోకి తెచ్చినది మేము. యుద్ధంలో ప్రభుత్వపక్షాన నిలిచినది మేము. మమ్ములను చెట్టుకు కట్టి కొరడాతో కొట్టినవారిని క్షమించమంటున్నారు, మరల వారి దయాధర్మాలమీదనే బ్రతకమంటున్నారు. ఇది స్వేచ్ఛ ఎట్లవుతుంది? ఇదీ వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం రాలేదు. భూములు మాత్రం పూర్వపు యజమానులకు పోయినవి.

భూమి లేనివాని స్వేచ్ఛ ఎట్లుండునో వెంటనే తెలిసివచ్చినది. 1865 నవంబరులో మిసిసిపీ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం ప్రతి నల్లజాతివాడు జనవరిలో తనకు పని ఉన్నట్లు వ్రాతపత్రం చూపవలెను. గడువుకు ముందే పని మానితే ఆ ఏటి కూలి పోతుంది. పనిలేనివానికి జరిమానా, చెల్లించలేకపోతే ఆ సొమ్ముకింద అతనిని కూలికి అప్పగిస్తారు. పట్టణాల వెలుపల భూమి కౌలుకు తీసుకొనడం కూడ నిషిద్ధం. ఇటువంటి చట్టాలు కొన్ని ఎత్తివేయబడినా, వాని స్థానంలో సగపాలు సేద్యం పాతుకొన్నది. భూమి, విత్తనం, పశువు దొరవి. పంటలో సగం దొరది. మిగిలిన సగం పంట రాకముందే దుకాణంలో అరువుకు తాకట్టు. లెక్క వ్రాసేవాడు దొర, వేలిముద్ర వేసేవాడు సేద్యగాడు. మన పల్లెలలో నాగు ధాన్యం తీసుకొన్న కుటుంబాలను ఎరిగినవారికి ఈ లెక్కను విడమరచి చెప్పనక్కరలేదు.

రాజ్యాంగం 1868లో పౌరసత్వాన్ని, 1870లో పురుషులకు ఓటుహక్కును ఇచ్చినది. బానిసగా పుట్టిన బ్లాంచ్ బ్రూస్ 1875లో మిసిసిపీ ప్రతినిధిగా సెనేటులో కూర్చున్నాడు. కాని 1877లో దక్షిణాదిన ప్రభుత్వాలకు అండగా ఉన్న కేంద్రసేనలు వెనుకకు తగ్గినవి. బెదిరింపులతో, ఓటుపన్నులతో, అక్షరపరీక్షలతో ఆ హక్కును క్రమంగా లాగుకొన్నారు. అది మరల చేతికందడానికి 1965 వరకు పోరాడవలసి వచ్చినది.

ఇంతటి ఎదురుగాలిలోనూ వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. దూడను అమ్మి, చాకిరి చేసి, డాలరు డాలరు కూడబెట్టి భూమి కొన్నారు. వారి పొదుపుకోసం పెట్టిన బ్యాంకు 1874లో మూతపడి సుమారు 61 వేలమంది ఖాతాదారుల సొమ్ము చిక్కుకొన్నది. అయినా మరల మొదటినుండి కూడబెట్టినారు. 1910 నాటికి దాదాపు కోటిన్నర ఎకరాలు నల్లజాతి రైతుల స్వంతమైనది. వానిలో ఒక్క ఎకరమైనా ఉచితంగా వచ్చినదని చెప్పబోతే ఆ రైతులు నవ్వి ఊరకుందురు.

సవానాలో ఆ రాత్రి ఫ్రేజియర్ చెప్పిన నిర్వచనం ఒకటి ఉన్నది. ఎదుటివాని సమ్మతి లేక బలంతో అతని కష్టాన్ని అనుభవించడమే బానిసత్వమనీ, ఎవరి కష్టఫలం వారు అనుభవించే స్థితిలో ఉంచడమే స్వేచ్ఛ అనీ ఆయన భావం.  దాదాపు అరువదేండ్లు బానిసగా బ్రతికి నేర్చుకొన్న పాఠమది. ఏ దేశంలోనైనా, ఏ పేరుతోనైనా, కట్టుబానిస విడుదలైనాడని మనము విన్నప్పుడు ఆయన లెక్క ప్రకారం ఒక్క ప్రశ్న అడిగి చూడవచ్చును: రేపటి పంట ఎవరి ఇంటికి చేరుతుంది?