తొర్రూరు నుంచి నాగార్జునకొండకు: బస్సు, లాంచీ, ఒక రాత్రి బస

నాగార్జునకొండ కృష్ణానదిలో, నాగార్జునసాగర్ జలాశయం నడుమ ఉన్న ద్వీపం. జలాశయం నిండకముందు అది లోయ పక్కన నిలబడిన కొండ, పైన మధ్యయుగపు కోట. నీళ్లు నిండాక లోయ మునిగిపోయింది, కొండ కొస మాత్రం పైకి మిగిలింది. ఆనకట్ట దగ్గర నుంచి అక్కడికి నీటి మీద దాదాపు 11 కిలోమీటర్లు. లాంచీ తప్ప వేరే దారి లేదు. మహబూబాబాద్ జిల్లా తొర్రూరు నుంచి సొంత కారు గానీ, టూరు కంపెనీ ప్యాకేజీ గానీ లేకుండా, ఆర్టీసీ బస్సుల్లో పోయి, లాంచీ ఎక్కి, ఈ ద్వీపాన్ని తక్కువ ఖర్చుతో చూసి రావచ్చు. కావలసిందల్లా రెండు రోజుల తీరిక, కొంచెం ముందుచూపు.

బస్సు తప్పితే ఇంకో బస్సు వస్తుంది. లాంచీ తప్పితే ఆ రోజు పోయినట్టే. కాబట్టి ఈ ప్రయాణానికి లెక్క ఇంటి దగ్గర మొదలు కాకూడదు, రేవు దగ్గర మొదలు కావాలి. లాంచీ ఎక్కే రోజు ఏదో, పొద్దున ఎన్ని గంటలకు రేవులో ఉండాలో ముందు ఖాయం చేసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే తొర్రూరు బస్టాండులో ఎన్నింటికి నిలబడాలో తేలుతుంది.

తొర్రూరు నుంచి సాగర్‌కు దగ్గరి దారి సూర్యాపేట మీదుగా పోతుంది. సూర్యాపేటలో మారి మిర్యాలగూడ, మిర్యాలగూడలో మారి హాలియా మీదుగా సాగర్ హిల్ కాలనీ. మొత్తం దాదాపు 160 కిలోమీటర్లు, రెండు చోట్ల బస్సు మారడం. సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సు దొరకడం ఆలస్యమైతే నల్లగొండ పోయి అక్కడి నుంచి సాగర్ బస్సు ఎక్కవచ్చు, దూరం కొంత పెరుగుతుంది. హైదరాబాద్ మీదుగా పోవడం చుట్టుదారి. ఒక్క హైదరాబాద్ నుంచే సాగర్ 150 కిలోమీటర్లు. అక్కడ వేరే పని ఉన్నవాళ్లకే ఆ దారి గిట్టుబాటు. హైదరాబాద్ నుంచి మాచర్ల పోయే బస్సులు మాత్రం సాగర్ మీదుగానే కృష్ణ దాటి పోతాయి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లు, ఆడపిల్లలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేకుండా ప్రయాణిస్తున్నారు. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. హిల్ కాలనీ తెలంగాణలోనే ఉంది కాబట్టి తొర్రూరు నుంచి సాగర్ దాకా, తిరిగి ఇంటి దాకా వాళ్లకు బస్సు ఖర్చు లేదు. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులకు ఇది వర్తించదు. నది దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టాక కూడా వర్తించదు. నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి బయలుదేరే బృందానికి దీనివల్ల ఖర్చులో పెద్ద భాగం తగ్గిపోతుంది. ఈ పథకం మొదలయ్యాక కూడా ఆస్పత్రికి, పేరంటాలకు, జాతరకు తప్ప బస్సెక్కని ఇల్లాళ్లు ఎందరో ఉన్నారు. చూడదగిన చోటు ఒకటి చూడటానికి బయలుదేరడం కూడా ఆ హక్కును వాడుకోవడమే.

సాగర్‌లో ఊళ్లు మూడు. వాటిని ముందే తెలుసుకోకపోతే ఆటోలకు డబ్బు వృథా అవుతుంది. ఎడమ గట్టున, ఎత్తు మీద హిల్ కాలనీ. దాని కింద పైలాన్ కాలనీ. ఈ రెండూ నల్లగొండ జిల్లాలోవి. కుడి గట్టున విజయపురి సౌత్, అందరూ రైట్ బ్యాంక్ అనేది దాన్నే. అది పల్నాడు జిల్లా. ఆంధ్రప్రదేశ్ పర్యాటక సంస్థ లాంచీలు కొండకు బయలుదేరేది ఈ కుడి గట్టు రేవు నుంచి. వాటిలో ఒకదాని పేరు శాంతిసిరి. తెలంగాణ పర్యాటక సంస్థకు హిల్ కాలనీలో వేరే లాంచీ స్టేషను ఉంది. అక్కడి నుంచి జలాశయంలో ఒక చుట్టు తిప్పే లాంచీలు, నీళ్లు బాగా ఉన్న కాలంలో శ్రీశైలం దాకా పోయే లాంచీలు నడిచాయి. రెండూ వేర్వేరు సంస్థలు, వేర్వేరు రేవులు. "లాంచీ స్టేషన్" అని మాత్రమే చెప్తే ఆటో తప్పు రేవుకు చేర్చే అవకాశం ఉంది. కొండకు పోయే లాంచీ రేవు అని విడమరచి చెప్పాలి. ఆనకట్ట పైనుంచి నడవడానికి మామూలు జనాన్ని వదలరు. ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు ఆనకట్టకు దిగువనున్న వంతెన మీదుగా పోవాలి. షేర్ ఆటోలు, మాచర్ల బస్సులు ఆ దారినే పోతాయి.

తెల్లవారుజామున తొర్రూరులో బయలుదేరితే సాగర్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఆ వేళకు రైట్ బ్యాంక్ రేవుకు పరుగెత్తి, లాంచీ పట్టుకొని, రాత్రికి ఇల్లు చేరాలని చూసేవాళ్లు ఉంటారు. అది మంచి పద్ధతి కాదు. దొరికితే కొండ మీద కాసేపు, దొరక్కపోతే అసలేమీ లేదు. ఒక రాత్రి సాగర్‌లో ఉండటమే సరైన పని. మొదటి రోజు ప్రయాణం, మధ్యాహ్నం తర్వాత హిల్ కాలనీలోని బుద్ధవనం, రాత్రి బస. రెండో రోజు పొద్దున మొదటి లాంచీలో కొండ, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. హిల్ కాలనీలో తెలంగాణ పర్యాటక సంస్థ హోటలు, ప్రైవేటు లాడ్జీలు ఉన్నాయి. కుడి గట్టున ఆంధ్రప్రదేశ్ పర్యాటక సంస్థ వసతి ఉంది. ఖర్చులో గది అద్దెదే పెద్ద వాటా కాబట్టి ముగ్గురు నలుగురు కలిసి పోతే తలా కొంచెం పడుతుంది. తిండికి ఇబ్బంది లేదు. జలాశయంలో పట్టిన చేపల వేపుడు అక్కడి చిన్న హోటళ్లలో దొరుకుతుంది.

రోజు ఎంచుకోవడంలో ఒక నియమం తప్పకూడదు. కొండ మీది మ్యూజియం భారత పురావస్తు శాఖది, దానికి శుక్రవారం సెలవు. గురువారం బయలుదేరి శుక్రవారం లాంచీ ఎక్కాలనుకున్నవాళ్ల శ్రమ అంతా వృథా. ఆదివారం, పండుగ రోజుల్లో జనం ఎక్కువ, అయినా లాంచీ బయలుదేరడం ఖాయం. మామూలు రోజుల్లో రద్దీ ఉండదు, కానీ సరిపడా మంది పోగయ్యేదాకా లాంచీ కదలదు. ముందురోజు సాయంత్రమే రేవుకు పోయి, మర్నాడు మొదటి లాంచీ ఎప్పుడో, టికెట్టు ఎంతో, నీటిమట్టం బాగుందో లేదో అడిగి తెలుసుకుంటే నిశ్చింత. ధరలు, వేళలు మారుతూ ఉంటాయి. పాత సమాచారాన్ని నమ్మి బయలుదేరడం కంటే రేవులో ఒక్క మాట అడగడం మేలు.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు. ఎగువ నుంచి వరద వచ్చి గేట్లు ఎత్తే రోజుల్లో సాగర్ నిండా జనమే, కానీ వరద ఉధృతిలో, పెద్ద గాలిలో లాంచీలు ఆపేస్తారు. ఎండాకాలంలో నీళ్లు అడుగంటితే రేవు కిందికి పోతుంది, రాకపోకలు తగ్గుతాయి. పైగా ఆ రాళ్ల మధ్య ఎండ భరించలేనిది. దసరా దాటినప్పటి నుంచి శివరాత్రి లోపు పోవడం అన్నిటికన్నా నయం.

లాంచీలో లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం పనికిరాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. చనిపోయినవాళ్లలో వరంగల్ పక్కనున్న కడిపికొండ వాసులు కూడా ఉన్నారు. ఆ ప్రమాదం తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటక బోట్లన్నీ ఆగిపోయి, కొత్త నిబంధనలు వచ్చాకే మళ్లీ కదిలాయి. జాకెట్ ఇచ్చిన వెంటనే తొడుక్కొని, పట్టీలు బిగించుకొని, దిగేదాకా ఉంచుకోవాలి. ఫొటో కోసం విప్పకూడదు. జనమంతా ఒకే పక్కకు చేరకూడదు. జాకెట్లు చాలని లాంచీ ఎక్కకుండా ఆగిపోవడం పిరికితనం కాదు.

ఇంత శ్రమ పడి చూడవలసినంత అక్కడ ఏముంది? శాతవాహనుల తర్వాత క్రీ.శ. మూడో శతాబ్దంలో, నాలుగో శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు ఆ వంశపు రాజులు. రాజులు వైదిక యజ్ఞాలు చేశారు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు బౌద్ధ విహారాలు కట్టించారు. శాంతమూలుడి సోదరి శాంతిసిరి మహాచైత్యానికి దానం చేసింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యం కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం పేర్లు కనిపిస్తాయి. లోయలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. శిల్పాల్లో గ్రీకుల మధువు దేవుడు డయొనైసస్‌ను తలపించే మూర్తి కూడా ఉంది. మధ్యధరా సముద్రపు వర్తకం ఇంత దూరం వచ్చి తాకిందన్న మాట.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇక్కడ పాత స్తంభం ఒకటి చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు. మద్రాసులో పాత శాసనాలు చదివే విభాగంలో పనిచేసే ఏ.ఆర్. సరస్వతి వచ్చి పరిశీలించాడు. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. మహాచైత్యంలో దొరికిన అస్థి ధాతువు ఇప్పుడు సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే లోయ మునుగుతుందని తేలిపోయింది. 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయనంతా తవ్వారు. వందకు పైగా స్థలాలు బయటపడ్డాయి. తొమ్మిది కట్టడాలను రాయి రాయిగా తరలించి కొండ మీద తిరిగి నిలబెట్టారు, మరికొన్నిటికి నమూనాలు చేశారు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాలను 1964-68 మధ్య పైకి తరలించిన సంగతి లోకమంతటికీ తెలుసు. దాదాపు అదే కాలంలో మన కృష్ణ ఒడ్డున జరిగిన ఈ పని మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఇది బాధ కలిగించే విషయం. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీటితో లక్షల ఎకరాలు పండాయి, ఒక రాజధాని నీటి అడుగుకు పోయింది. రెండూ నిజాలే.

గ్రీసులో డీలోస్ అనే ద్వీపం సరిగ్గా నాగార్జునకొండ లాంటిదే. ఊరు లేదు, శిథిలాలూ మ్యూజియమూ ఉన్నాయి. రాత్రి ఎవరినీ ఉండనివ్వరు. తక్కువ డబ్బుతో తిరిగేవాళ్లు ఏథెన్స్ నుంచి బస్సులో రఫీనా రేవుకు పోయి, పెద్ద పడవలో మికొనోస్ చేరి, అక్కడి నుంచి అరగంట చిన్న పడవలో డీలోస్ పోయి తిరిగి వస్తారు. వాళ్లకూ ఆఖరి పడవే గడియారం. అక్కడికి పోయే స్తోమత ఎప్పుడైనా కలిగితే, ఇక్కడ నేర్చిన పద్ధతి అక్కడా పనికివస్తుంది.

నాగార్జునకొండ మీద దిగాక అందరూ నేరుగా మ్యూజియంలోకి పోతారు. లేత ఆకుపచ్చ సున్నపురాయి మీద చెక్కిన బుద్ధుడి జీవితం, జాతక కథలు, నిలువెత్తును మించిన బుద్ధ విగ్రహం చూస్తుండగానే లాంచీ వేళ అవుతుంది. బయటి కట్టడాలు చూడకుండానే జనం వెనక్కి పరుగెత్తుతారు. మహాచైత్యం, సింహళ విహారం, స్నానఘట్టం, అశ్వమేధ వేదిక ఆరుబయటే ఉన్నాయి, నడవాలి. అందుకే టికెట్టు తీసుకునేటప్పుడే, తర్వాతి లాంచీలో తిరిగి రావచ్చా అని అడగాలి. రావచ్చంటే మొదటి లాంచీలో పోయి, ఒకటి వదిలేసి, మరోదాంట్లో రావడం ఉత్తమం. ఆఖరి లాంచీ మాత్రం వదలకూడదు. మంచినీళ్లు, టోపీ, సద్ది ఇంటి నుంచో లాడ్జి నుంచో వెంట తీసుకుపోవాలి.

సమయం మిగిలితే కుడి గట్టున అనుపు ఉంది. లోయలో దొరికిన రంగస్థలాన్ని, మెట్ల వరసలతో సహా, అక్కడ తిరిగి కట్టారు. చంద్రవంక మీది ఎత్తిపోతల జలపాతం ఆనకట్టకు దాదాపు 11 కిలోమీటర్ల దూరం. హిల్ కాలనీలో 274 ఎకరాల బుద్ధవనం 2022 మే 14న మొదలైంది. పెద్ద స్తూపమూ తోటలూ బాగుంటాయి, కానీ అది కొత్త కట్టడం. అసలైన రాళ్లు కొండ మీదే ఉన్నాయి.

ఇదే చరిత్రకు ఇంకో ముక్క తొర్రూరుకు దగ్గరలోనే, జనగామ–సూర్యాపేట రోడ్డు పక్కన, తిరుమలగిరి దాపున ఫణిగిరి గుట్ట మీద ఉంది. రుద్రపురుషదత్తుడి పద్దెనిమిదో పాలనా సంవత్సరపు శాసనం అక్కడ దొరికింది. ఫణిగిరి తోరణ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో నిలిచాయి. నాగార్జునకొండకు పోయేముందు ఒక పూట ఫణిగిరి చూసి పోతే, కొండ మీది స్తూపాలు, విహారాలు కొత్తగా అనిపించవు. బస్సు ఛార్జీ కూడా పెద్దగా కాదు.

తొర్రూరు, పాలకుర్తి, దంతాలపల్లి బడుల్లో చరిత్ర చెప్పే పంతుళ్లు, పంతులమ్మలు ఏడాదికి ఒక్క తరగతినైనా ఈ దారిన తీసుకుపోవాలి. తల్లిదండ్రులు రెండు రోజులు పంపాలి. చలికాలంలో, లాంచీ ఎక్కే రోజు శుక్రవారం కాకుండా చూసుకొని, తొలి బస్సుకు బయలుదేరండి.