పెద్దమ్మాయిని అడిగావా?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కూచిపూడిలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో మా హాస్టల్ పిల్లలున్నారు. రోజూ నా మాటలే వింటారు పాపం. ఇవాళ ఇంకో పది నిమిషాలు ఓర్చుకోండి.

మా నాన్న మడ అడవుల వైపు పీతలు పట్టేవాడు. గుడ్లున్న ఆడ పీత దొరికితే తిరిగి నీళ్ళలో వదిలేసేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు ఇంట్లో గింజ బియ్యం లేవు. ఆరోజు పడ్డవాటిలో పెద్దది గుడ్ల పీతే. "నాన్నా, దీన్ని అమ్మితే బియ్యం వస్తాయి కదా" అన్నాను. "ఇవాళ తింటాం సరే, వచ్చే ఏడు ఏం పడతామే?" అని దాన్ని వదిలేశాడు. ఆ రాత్రి పక్కింటివాళ్ళు పోసిన గంజి తాగి పడుకున్నాం. నాకు చాలా కోపం వచ్చింది.

మన యానాదులకు రేపటి గురించి ఆలోచన ఉండదని చాలామంది అంటుంటారు. నేను ఆ మాట విన్నప్పుడల్లా ఆ పీతే గుర్తొస్తుంది. మన తాతలు చేలల్లో ఎలక కన్నాలు తవ్వి, ఎలకలు దాచుకున్న వడ్డు తెచ్చుకున్నారు. దాచుకోవడం అంటే ఏమిటో ఎలకను చూసి నేర్చుకున్నవాళ్ళం మనం.

కానీ నిజం మొత్తం చెప్పాలి. పీత గురించి అంత ముందుచూపున్న మా నాన్నే, అమ్మకు జబ్బు చేసినప్పుడు రొయ్యల చెరువు కాపలాకి అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ అప్పు తీరడానికి అక్క కూడా చెరువు గట్టుకి వెళ్ళింది. ఏడో తరగతితో దాని చదువు ఆగిపోయింది. నేను అప్పటికే హాస్టల్లో ఉన్నాను కాబట్టి మిగిలాను. అక్కకంటే నేను తెలివైనదాన్నేమీ కాదు. మా నాన్నకు కూతురంటే ప్రేమ లేకా కాదు. అర్ధరాత్రి మనిషి మంచంలో మూలుగుతుంటే వచ్చే ఏడు కనపడదు. అందుకే, అవసరం మీదపడ్డాక మంచి నిర్ణయం చేద్దామనుకుంటే కుదరదు. అవసరం లేనప్పుడే చేసి పెట్టుకోవాలి.

1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన గురించి మీ ఇళ్ళల్లో విన్నారు. వేలమంది పోయారు. ఆ తర్వాత మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. షెల్టరుని గాలివాన రోజున కట్టలేరు కదా. ఎండ కాసే రోజునే కట్టాలి. మీకిప్పుడు పదిహేను, ఇరవై ఏళ్ళు. ఇవి ఎండ కాసే రోజులు.

అమెరికాలో హాల్ హెర్ష్‌ఫీల్డ్ అనే పరిశోధకుడూ ఆయన తోటివాళ్ళూ చేసిన ఒక ప్రయోగం 2011లో అచ్చయింది. కొందరికి వాళ్ళు ముసలివాళ్ళయ్యాక ఎలా ఉంటారో కంప్యూటర్లో చేసి చూపించారు. ఆ ముఖం చూసినవాళ్ళు ముసలితనం కోసం ఎక్కువ డబ్బు పక్కన పెడతామన్నారు. ముఖం కనపడితే జాలి పుడుతుంది. కనపడకపోతే పదిహేనేళ్ళ తర్వాతి మనం ఎవరో పరాయి మనిషి. పరాయి మనిషి కోసం ఎవరు కష్టపడతారు?

మా హాస్టల్లో అలాంటి కంప్యూటర్ లేదు. ఒక మాట ఉంది. ఎవరైనా బడి మానేస్తానన్నా, రాత్రి పదకొండింటికి ఇంకో రీల్ చూస్తానన్నా, "పెద్దమ్మాయిని అడిగావా?" అంటాను. పెద్దమ్మాయి అంటే ముప్పై అయిదేళ్ళప్పటి నువ్వే. అబ్బాయిలూ, మీకూ ఒక పెద్దబ్బాయి ఉన్నాడు. నవ్వకండి. అతను చెరువు గట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడతాడా, ఆ చెరువు లెక్కలు తనే రాసుకుంటాడా అనేది మీ ఇవాళ్టి చేతుల్లో ఉంది.

ఇక నా తప్పొకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతి సెలవుల తర్వాత పదో తరగతి అమ్మాయి ఒకతె తిరిగి రాలేదు. లెక్కల్లో చురుకైన పిల్ల. ఇంట్లోవాళ్ళు 20 వేలు అడ్వాన్సు తీసుకున్నారని కబురొచ్చింది. అది శనివారం. నా దగ్గర రిజిస్టర్ల పని ఉంది. సోమవారం వెళదాంలే అనుకున్నాను. సోమవారం వెళ్ళేసరికి గుడిసెకి తాళం ఉంది. కుటుంబం మొత్తం వేరే జిల్లాకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల హాల్ టికెట్ చాలా రోజులు నా బీరువాలోనే ఉంది. ఆ శనివారం నేను నా పెద్దమ్మాయిని అడగలేదు. ఇవాళ ఆమె వచ్చి నన్ను అడుగుతోంది. అప్పటినుంచి సెలవులు అయిపోయిన మూడో రోజుకి రాని పిల్ల ఇంటికి బస్సెక్కి వెళుతున్నాను.

ఆ 20 వేల లెక్క చూడండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 600, ఏడాదికి 7,200. అసలు అలాగే ఉంటుంది. పని చేయించుకుని అప్పు కింద మనిషిని కట్టిపడేయడం వెట్టిచాకిరీ. దాన్ని 1976లోనే చట్టం రద్దు చేసింది, ఆ అప్పునీ రద్దు చేసింది. మీ ఇంట్లో ఎవరైనా అలా చిక్కుకుంటే సిగ్గుపడకండి, సంఘం పెద్దలకు చెప్పండి. అర్జీ తహసీల్దారుకో కలెక్టరుకో వెళ్ళాలి.

చిన్న పనులు కొన్ని ఈ నెలలోనే చేయండి. కుల ధ్రువీకరణ పత్రం ఇప్పుడే తెచ్చుకోండి. ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ పదో తరగతి మార్కుల జాబితాతో సరిపోయాయో చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా స్కాలర్‌షిప్పు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పని ఇచ్చేవాళ్ళ దగ్గర వదలకండి. వాయిదాల మీద ఫోను కొనేముందు ఎన్ని నెలలు కట్టాలో మొత్తం కూడండి. ఆడపిల్లకి 18, మగపిల్లవాడికి 21 నిండకుండా పెళ్ళి మాట వస్తే, 2006 చట్టం ఉందని ఇంట్లో మీరే చెప్పండి. చెప్పలేకపోతే నన్ను పిలవండి.

మాలావత్ పూర్ణ పేరు మీకు తెలుసు. నిజామాబాద్ జిల్లా లంబాడా పిల్ల. 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం వైపు నుంచి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఆ రోజు ఫోటో అందరూ చూశాం. అంతకు ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని పాకిన రోజులకు అంత పేరు లేదు. ఈ కూచిపూడిలోనూ అంతే. పసిపిల్లలు ఏళ్ళ తరబడి అడవులు వేస్తారు. ఆ తర్వాతే గజ్జెలు, రంగస్థలం. మనవాళ్ళు తరతరాలుగా కాలవ గట్టునుండి ఆ తాళం విన్నారు. ఇవాళ అదే ఊళ్ళో మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నాను. మా అక్క ఆ వెనక వరసలో కూర్చుని వింటోంది. దాని కూతురు నర్సింగ్ చదువుతోంది. అడ్వాన్సు అనే మాట ఇంట్లో రానివ్వనని అక్క ఎప్పుడో ఒట్టేసుకుంది.

ఇంటికెళ్ళి అద్దంలో ఒకసారి చూసుకోండి. ఆ ముఖానికి ఇంకో ఇరవై ఏళ్ళు కలపండి. ఆ మనిషికి మీ దగ్గర తప్ప ఇంకెక్కడా అడుక్కునే చోటు లేదు. ఇవాళ గుడ్ల పీత మీ చేతుల్లో ఉంది. వదలాలో అమ్మాలో ఆ మనిషిని అడిగి చెప్పండి.

సెలవు. జై ఆదివాసీ!